నెక్స్ట్ జనరేషన్ 7వ సీజన్: సగటు చూసి తూచాలా, శిఖరాలు చూసి తూచాలా?

స్లో_రీవాచ్
ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ సిబ్బంది కథ చెప్పే టీవీ సిరీస్ స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌లో ప్రతి ఎపిసోడ్‌కీ పదికి ఇన్నని మార్కులు వేసుకుంటూ వస్తే, 3 నుంచి 6 సీజన్ల వరకు లెక్క బాగానే కుదిరింది. 7వ సీజన్ దగ్గరికొచ్చేసరికి పడవ తిరగబడింది. 1993 సెప్టెంబర్ నుంచి 1994 మే దాకా 26 ఎపిసోడ్లు. ప్యారలల్స్, ద పెగసస్, లోయర్ డెక్స్, ఆఖరి ఎపిసోడ్ ఆల్ గుడ్ థింగ్స్ నాలుగూ మొత్తం సిరీస్‌లోనే పై వరసలో కూర్చుంటాయి. సబ్ రోజా, మాస్క్స్, జెనెసిస్, ఫోర్స్ ఆఫ్ నేచర్ అట్టడుగున. సగటు తీస్తే ఆరుకి కాస్త అటూ ఇటూ వస్తుంది. కానీ ఆరు మార్కుల ఎపిసోడ్ అన్నదే ఇందులో పెద్దగా లేదు! లేని ఎపిసోడ్‌కి మార్కులు వేసినట్టుంది. ఇలాంటి సీజన్‌ని మీరు ఎలా తూస్తారు?

మీగడపెరుగు
బలహీనమైన సీజన్. ఆఖరి ఎపిసోడ్ కాపాడింది, అంతే.

వరంగల్_వార్ప్
ఆఖరి ఎపిసోడ్ ఒక్కటే కాపాడింది అంటే నేనొప్పుకోను. వరస చూడున్రి: 11 ప్యారలల్స్, 12 పెగసస్, 15 లోయర్ డెక్స్, 16 దైన్ ఓన్ సెల్ఫ్, 24 ప్రీఎంప్టివ్ స్ట్రైక్. ఇవన్నీ ఆఖరిదానికి ముందువే కదా. సబ్ రోజా 1994 జనవరి 31న వచ్చింది, లోయర్ డెక్స్ ఫిబ్రవరి 7న. ఒక్క వారం తేడా. అదే స్టూడియో, అదే టీమ్. ఒక్క వారంల తెలివి పెరుగుతదా? అసలు అడగాల్సిన ప్రశ్న అది.

కథాకమామీషు
వరంగల్_వార్ప్ గారి ప్రశ్నకి జవాబు రచయితల గదిలో ఉంది. 3వ సీజన్ నుంచి ఆ గదికి పెద్దదిక్కు మైకేల్ పిల్లర్. 1993 జనవరిలో ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్ డీప్ స్పేస్ నైన్ మొదలయ్యాక ఆయన దృష్టి అటు మళ్లింది. 7వ సీజన్‌లో పగ్గాలు జెరీ టేలర్ చేతిలో ఉన్నాయి. అదే సమయంలో నిర్మాత రిక్ బెర్మన్, పిల్లర్, టేలర్ ముగ్గురూ కలిసి వాయేజర్ అనే మరో సిరీస్‌ని తయారుచేస్తున్నారు (1995 జనవరిలో మొదలైంది). గదిలో గట్టి కలాలైన రొనాల్డ్ మూర్, బ్రానన్ బ్రాగా ఇద్దరూ జెనరేషన్స్ సినిమా స్క్రిప్టు మీదున్నారు. అది 1994 నవంబర్ 18న విడుదలైంది. ఆఖరి ఎపిసోడ్ రాసిందీ ఆ ఇద్దరే. అంటే ఒకే పొయ్యి మీద నాలుగు వంటలు. ఏడాదికి 26 కథలు కావాలి, రాసేవాళ్ల చేతులేమో వేరే గిన్నెల్లో ఉన్నాయి. దాంతో ఎవరికి తీరిక దొరికిన వారం వాళ్ల ఎపిసోడ్ బాగుంటుంది, మిగతా వారాల్లో చేతికందిన ఆలోచనే కథైపోతుంది.

పాలపుంత
తీరిక లేకపోవడం ఒక్కటే కారణమైతే లోపాలు రకరకాలుగా ఉండాలి. కానీ ఈ సీజన్ లోపాలకి ఒకే పోలిక ఉంది. కొత్త చుట్టాలు! లెక్కపెట్టండి.

ఇంటర్‌ఫేస్: ఇంజినీర్ జోర్డీ తల్లి. డార్క్ పేజ్: ఓడ కౌన్సిలర్ ట్రాయ్‌కి చిన్నప్పుడే చనిపోయిన అక్క. ఇన్‌హెరిటెన్స్: మనిషి రూపంలోని యంత్రం డేటా తల్లి. హోమ్‌వర్డ్: భద్రతాధికారి వోర్ఫ్ పెంపుడు అన్నదమ్ముడు. సబ్ రోజా: ఓడ డాక్టర్ బెవర్లీ బామ్మ. బ్లడ్‌లైన్స్: కెప్టెన్ పికార్డ్ కొడుకని చెప్పుకొచ్చిన కుర్రాడు.

ఆరుగురు. అంతకుముందు వీళ్లెవరి మొహమూ మనకు తెలియదు. పుట్టుమచ్చ చూపించి కౌగిలించుకోవడం ఒక్కటే తక్కువ. ఒక పాత్ర గురించి చెప్పాల్సింది అయిపోయినప్పుడు రచయిత మొదట తలుపు తట్టేది బంధువుల ఇంటిదే.

సబ్‌టైటిల్_సుబ్బు
పుట్టుమచ్చ బదులు బ్లడ్‌లైన్స్‌లో డీఎన్‌ఏ పరీక్ష. పికార్డ్ మీద పగబట్టిన బోక్ ఆ కుర్రాడి డీఎన్‌ఏని మార్చేసి పికార్డ్ కొడుకని నమ్మిస్తాడు. ఆ మార్పు వల్లే వాడికి జబ్బు వస్తుంది, ఆ జబ్బు దగ్గరే గుట్టు రట్టవుతుంది. కథలో ముడి, విప్పు రెండూ ఒకే చోట పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. కానీ తెరమీద ఆ కుర్రాడికీ పికార్డ్‌కీ మధ్య ఏమీ వెలగదు. బోక్ 1వ సీజన్ 9వ ఎపిసోడ్‌లోంచి వచ్చినవాడు, ఇక్కడ నటుడు కూడా మారాడు. ఆ పగ గుర్తుండేవాళ్లెంతమంది?

డ్యూటీ_ఇంజినీర్
పాలపుంత గారి జాబితాలోంచి ఇన్‌హెరిటెన్స్‌ని తీసేయండి. అందులో చుట్టరికం అలంకారం కాదు, సమస్యే అది. డేటా తల్లి జూలియానా కూడా యంత్రమే, కానీ తను మనిషినే అనుకుంటోంది. డేటాకి అనుమానం రెండు చోట్ల వస్తుంది: ఆమె కనురెప్పలు కొట్టే లయలో, రెండుసార్లు వాయించిన సంగీతం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండటంలో. రెండూ ప్రేక్షకుడి కళ్లముందే జరిగిపోతాయి, మనం పట్టించుకోం. తీరా తెలిశాక ఆమెకి చెప్పాలా వద్దా? తనకి జీవితమంతా దొరకనిదేదో, మనిషినన్న ఆ నమ్మకం, ఆమె దగ్గర ఉంది. దాన్ని లాక్కోకూడదని డేటా నిర్ణయిస్తాడు. ఇంటర్‌ఫేస్‌లో ఇలాంటి నిర్ణయం ఏదీ లేదు. జోర్డీ తల్లి ఓడ హేరా మాయమైంది, ఎపిసోడ్ అయ్యాక కూడా అది మాయమైనట్టే. బాధ ఉంది, కథ కదల్లేదు.

పాలపుంత
తీసేశాను. ఐదుగురు.

మీగడపెరుగు
డార్క్ పేజ్‌లో హెడ్రిల్ అనే చిన్నమ్మాయిగా వేసింది కిర్‌స్టెన్ డన్‌స్ట్ అని ఎంతమందికి తెలుసు? అదొక్కటే ఆ ఎపిసోడ్‌కి నేనిచ్చే మార్కు.

అర్ధరాత్రి_అంతరిక్షం
హోమ్‌వర్డ్‌కి ఐదు కూడా ఎక్కువే. నటన, మేకప్ గురించి కాదు, పికార్డ్ గురించి మాట్లాడుతున్నాను. ఒక గ్రహం మీద గాలి పోతోంది, జనం చచ్చిపోతున్నారు. పరాయి లోకాల్లో జోక్యం చేసుకోకూడదన్న నియమం పట్టుకుని చూస్తూ నిలబడతాడు. వోర్ఫ్ అన్నదమ్ముడు ఒక ఊరివాళ్లని దొంగతనంగా ఓడలో ఏ చోటునైనా అచ్చంగా చూపించే గది హోలోడెక్‌లోకి చేరవేస్తే పికార్డ్‌కి కోపం. ఇదే పికార్డ్ 2వ సీజన్ 15వ ఎపిసోడ్ పెన్ పాల్స్‌లో ఒక చిన్నపిల్ల గొంతు వినగానే ఆ నియమాన్ని పక్కన పెట్టాడు. మధ్యలో ఐదేళ్ల అనుభవం మనిషిని మెత్తబరచాలి గానీ మొద్దుబరచకూడదు కదా. నియమం ఎందుకు పుట్టిందో మరిచిపోయి, నియమాన్నే పూజించే పాత్రని చేశారు.

వరంగల్_వార్ప్
పికార్డ్ తప్పు చేసిండని చూపించడమే ఆ ఎపిసోడ్ ఉద్దేశం అయి ఉండొచ్చు కదా?

అర్ధరాత్రి_అంతరిక్షం
అయితే చివర్లో ఆయన ఒక్కసారైనా తడబడాలి. తామున్నది ఓడలోనన్న నిజం తెలిసిపోయిన వోరిన్ అనే కుర్రాడు ప్రాణం తీసుకుంటాడు. ఆ చావు బరువు ఎవరి భుజం మీదా నిలవదు. ఇద్దరు ముగ్గురు తలలు దించుకుంటారు, ఓడ కదులుతుంది. తప్పుని చూపించడానికీ, తప్పు చేశారని గమనించకపోవడానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

డ్యూటీ_ఇంజినీర్
గమనించకపోవడం అంటే ఫోర్స్ ఆఫ్ నేచర్ మాట్లాడాలి. మంచి ఆలోచన ఎలా చెడుతుందో నేర్చుకోవడానికి ఇంతకన్నా పాఠం లేదు. ఆలోచన ఏమిటి? కాంతికన్నా వేగంగా నడిపే వార్ప్ ఇంజిన్లే అంతరిక్షాన్ని అరగదీస్తున్నాయి. ఇన్నేళ్లుగా మనం ముచ్చటపడ్డ ప్రయాణమే కాలుష్యం. సిరీస్ పునాదినే ప్రశ్నించడం ఇది. రాసిన నరేన్ శంకర్ సైన్సు బాగా తెలిసిన మనిషి, కార్నెల్‌లో పీహెచ్‌డీ చేసినవాడు, తర్వాత ద ఎక్స్‌పాన్స్ సిరీస్ నడిపిందీ ఆయనే.

మరి ఎక్కడ చెడింది? ఒకటి, సమయం. 45 నిమిషాల్లో మొదటి భాగమంతా డేటా పిల్లి స్పాట్‌కి క్రమశిక్షణ నేర్పడం, జోర్డీ ఇంకో ఓడ ఇంజినీర్‌తో శక్తి మార్పిడి సామర్థ్యంలో పోటీపడటం. అసలు సమస్య వచ్చేసరికి సగం గంట ఖర్చయింది. రెండు, మూల్యం ఎవరూ చెల్లించలేదు. ఆ ప్రమాదం గురించి హెచ్చరించిన శాస్త్రవేత్త సెరోవా తన ఓడ ఇంజిన్‌ని పేల్చుకుని మరీ నిరూపిస్తుంది. ఆమె ఎవరో మనకు పట్టేలోపే పోయింది. మూడు, చివర్లో వార్ప్ 5 వేగం దాటకూడదని పరిమితి పెట్టారు, ఆ తర్వాత దాన్నెవరూ మోయలేదు. మూడు ఎపిసోడ్ల తర్వాత పెగసస్‌లో అడ్మిరల్ ఒక్క ముక్కతో సడలించేస్తుంది. ఊరి బయట స్పీడ్ బ్రేకర్ వేసి, మర్నాడే పక్కనుంచి మట్టిరోడ్డు తీసినట్టు.

పాలపుంత
పిల్లి భాగం నాకు నచ్చింది.

డ్యూటీ_ఇంజినీర్
పిల్లి అందరికీ నచ్చుతుంది. తప్పు ఎపిసోడ్‌లో ఉంది, అంతే.

సబ్‌టైటిల్_సుబ్బు
జెనెసిస్‌లో ఆ పిల్లి ఇగువానా అవుతుంది కాబట్టి దానికి ఈ సీజన్‌లో ఓడ డాక్టర్ కన్నా ఎక్కువ పని దొరికింది. ఇది సరదాకి అన్నా నిజమే. జెనెసిస్‌కి దర్శకురాలు గేట్స్ మెక్‌ఫాడెన్, అంటే బెవర్లీయే. ఆమె కెమెరా వెనక ఉండాలి కనుక కథలో వోర్ఫ్ చేత మొహాన విషం ఉమ్మించి పక్కకి తప్పించారు.

కథాకమామీషు
జెనెసిస్‌ని అట్టడుగున పడేయడం అన్యాయం. సైన్సు పరంగా దండగే, ఒప్పుకుంటాను. జన్యువుల్లో నిద్రపోతున్న పాత గుర్తులు లేచి జనం వెనక్కి పరిణామం చెందడం ఏమిటి, సిబ్బందిలోని బార్క్‌లే సాలీడవడం ఏమిటి? సాలీడు మన పూర్వీకుల వరసలోనే లేదు. కానీ దర్శకత్వం చూడండి. డేటా, పికార్డ్ షటిల్‌లో తిరిగొచ్చేసరికి ఓడ చీకట్లో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఎప్పుడూ ఆసుపత్రిలా వెలిగిపోయే ఆ కారిడార్లని చీకటి చేసి, తడి శబ్దాలతో నింపింది ఆమె. ఏడేళ్లుగా తెలిసిన ఇల్లు పరాయిదైన భయం. కథకి మూడు, తీసిన తీరుకి ఎనిమిది వేస్తాను.

స్లో_రీవాచ్
నా ఇబ్బంది అక్కడే. ఆ మూడుని, ఎనిమిదిని కలిపి ఐదున్నర అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు.

కథాకమామీషు
కలపొద్దు. ఎపిసోడ్‌కి మూడు గళ్లు గీయండి: ఆలోచన, రాత, తీసిన తీరు. ఫోర్స్ ఆఫ్ నేచర్‌కి మొదటి గడిలో 9, రెండో గడిలో 3. జెనెసిస్‌కి రాతలో 3, తీసిన తీరులో 8. మాస్క్స్‌కి ఆలోచన 8: కోట్ల ఏళ్ల నాటి నాగరికత పురాణం ఓడ నిండా మొలకెత్తడం. అయితే డేటా ఒంట్లోకి అన్ని పాత్రలూ దిగుతాయి, డేటాగా నటించిన బ్రెంట్ స్పైనర్ ఒక్కడే గొంతు మార్చుకుంటూ మోయాలి. ముందు వారం దైన్ ఓన్ సెల్ఫ్ కూడా ఆయన మీదే నడిచిందని మరవొద్దు. గళ్లు విడిగా చూస్తే ఈ సీజన్‌లో ఆలోచనల కొరత లేదని తెలుస్తుంది. రెండోసారి తిరగరాసే తీరిక లేదు.

మీగడపెరుగు
సబ్ రోజాకి ఆ మూడు గళ్లలో ఏం పడుతుంది?

కథాకమామీషు
రెండు, రెండు, ఐదు. ఆ ఐదు, పికార్డ్ తర్వాతి అధికారి రైకర్‌గా నటించిన ఫ్రేక్స్ దర్శకత్వానికి, శ్మశానం సెట్‌కి. కొవ్వొత్తిలో ఉండే ఆత్మ ఒక వంశం ఆడవాళ్లనందరినీ తరతరాలుగా వలలో వేసుకోవడం భయపెట్టాల్సిన సంగతి. దాన్ని ప్రేమకథలా తీశారు. పైగా ఓడలో అందరికన్నా ఆచితూచి నడిచే బెవర్లీ రెండు రోజుల్లో ఉద్యోగం వదిలేస్తుంది. ఆమె ఎందుకంత ఒంటరిదయిందో ఒక్క సన్నివేశం ముందుగా పెట్టి ఉంటే నమ్మేవాళ్లం.

పాలపుంత
ఆ సన్నివేశం ఉంది, ఆరు ఎపిసోడ్ల ముందు. అటాచ్డ్‌లో పికార్డ్, బెవర్లీ మనసులు ముడిపడిపోయి ఒకరి ఆలోచనలు ఒకరికి వినిపిస్తాయి. ఏళ్లుగా దాచుకున్న ఇష్టం బయటపడుతుంది. చివరికి ఆమె వద్దనుకుని వెళ్లిపోతుంది. రాసింది కార్ల్ సేగన్ కొడుకు నిక్ సేగన్. రెంటినీ కలిపి ఉంటే సబ్ రోజాకి ఒక గుండె ఉండేది. 8వ ఎపిసోడ్‌లో జరిగింది 14కి తెలియదు.

వరంగల్_వార్ప్
ఇప్పుడు అసలు పాయింటుకి వచ్చిన్రు. ఈ సీజన్ల బాగున్నవన్నీ పాత సంగతులు గుర్తుపెట్టుకున్నవే. బాగలేనివి మర్చిపోయినవి, లేకుంటే కొత్త సంగతి తెచ్చి అతికించినవి.

లోయర్ డెక్స్‌ల సీటో ఎవరు? 5వ సీజన్ 19వ ఎపిసోడ్ ద ఫస్ట్ డ్యూటీల బెవర్లీ కొడుకు వెస్లీతో పాటు అబద్ధమాడిన పిల్ల. పికార్డ్ ఆమెను గట్టిగ మందలిస్తడు, తర్వాత తెలుస్తది ఆ మందలింపు ఒక పరీక్ష అని. వోర్ఫ్ కళ్లకు గంతలు కట్టి కొట్లాడమంటడు, అది కూడా పరీక్షనే: అన్యాయమని ఎదురు చెప్పే ధైర్యం ఎప్పుడొస్తదో చూస్తున్నడు. ఎదురు చెప్పడం నేర్చుకున్న పిల్లనే చావుకి పంపిస్తరు. శవం చూపెట్టరు. పగిలిన తప్పించుకునే పాడ్ ముక్కలున్నయన్న కబురు ఒక్కటే వస్తది. మనం ఏడేండ్లు చూసిన ఆఫీసర్లను కింద నుంచి చూస్తే ఎంత దూరంగ, ఎంత భయంగ కనబడతరో గదే ఆ ఎపిసోడ్. ఇది మొదటి సీజన్ల రాయలేరు. ఏడేండ్ల పరిచయం కావాలె.

స్లో_రీవాచ్
ఇది నచ్చింది. ప్యారలల్స్‌కి కూడా వర్తిస్తుంది. అందులో వోర్ఫ్ ఒక సమాంతర లోకం నుంచి ఇంకోదానిలోకి జారుతుంటాడు. కేకు రంగు మారితే, గోడమీద బొమ్మ చోటు మారితే మనకి తెలుస్తుంది, ఎందుకంటే ఆ ఓడ మనకి కంఠతా వచ్చు. చివర్లో 2,85,000 ఎంటర్‌ప్రైజ్‌లు ఒకేసారి పలకరిస్తాయి. అందులో ఒకటి శత్రుజాతి బోర్గ్ గెలిచిన లోకంది. ఆ రైకర్ వెనక్కి వెళ్లనని ఏడుస్తాడు. 3వ సీజన్ ఆఖరి ఎపిసోడ్ చూసినవాళ్లకే ఆ ఏడుపు బరువు తెలుస్తుంది.

అర్ధరాత్రి_అంతరిక్షం
వయసే ఈ సీజన్‌కి బలం, వయసే జబ్బు అంటారు. బలం ఒప్పుకుంటాను. కానీ పెగసస్ మీ సూత్రానికి లొంగదు. రైకర్ మొదటి కెప్టెన్ ప్రెస్‌మన్ అంతకుముందు ఎప్పుడూ లేడు. అతను కూడా అతికించినవాడే. అయినా ఎపిసోడ్ గొప్పది.

డ్యూటీ_ఇంజినీర్
ఎందుకంటే అతన్ని రైకర్ పాత లక్షణానికే తగిలించారు. ఆదేశానికి కట్టుబడాలా, మనసుకా అన్న ప్రశ్న రైకర్‌కి ముందునుంచీ ఉంది. కుర్రతనంలో ప్రెస్‌మన్ పక్కన తుపాకీ పట్టి నిలబడ్డాడు, ఒప్పందం ప్రకారం నిషేధించిన, ఓడని కనబడకుండా దాచే యంత్రం కోసం. పన్నెండేళ్ల తర్వాత శత్రువులైన రోములన్ల ముందే ఆ గుట్టు విప్పేస్తాడు. మూర్ ఆ ముడిని పికార్డ్ వైపు నుంచి కూడా బిగించాడు: నీ మీద నమ్మకం పెట్టుకోవాలా వద్దా చెప్పమని సూటిగా అడుగుతాడు. చుట్టం కొత్తవాడైనా గాయం పాతదైతే చాలు.

అర్ధరాత్రి_అంతరిక్షం
గాయం పాతదైతే చాలు. సరే, దీంతో ఏకీభవిస్తున్నాను. ఇదే కొలత పెట్టి ప్రీఎంప్టివ్ స్ట్రైక్ చూడండి. ఓడ ఆఫీసర్ రో లారెన్ తిరుగుబాటుదారులైన మాక్వీలో చేరిపోతుంది. చివరి షాట్‌లో రైకర్ ఆ సంగతి చెబుతాడు, పికార్డ్ ఒక్క మాట మాట్లాడడు, ఆ మొహం మీదే ఆగిపోతుంది. ఆ ఎపిసోడ్ దర్శకుడు పికార్డ్‌గా నటించిన ప్యాట్రిక్ స్టువర్టే.

సబ్‌టైటిల్_సుబ్బు
దానికి ముందు జర్నీస్ ఎండ్ చూడక తప్పదా? వెస్లీ భాగం ఓర్చుకోవడం కష్టం.

వరంగల్_వార్ప్
అక్కర్లేదు. ఇంకో జాతి కార్డేసియన్లకు వదిలేసిన సరిహద్దు గ్రహాల మీద మనవాళ్లు చిక్కుకున్నరు, వాళ్లే ఎదురు తిరిగిన్రు. గంత తెలిస్తే చాలు. ఇంకా వివరం కావాలంటే డీప్ స్పేస్ నైన్ 2వ సీజన్ 20, 21 చూడున్రి. మాక్వీ అనే పేరుతోనే రెండు భాగాలు, 1994లనే వచ్చినయ్.

మీగడపెరుగు
ఆఖరి ఎపిసోడ్‌ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు గానీ దానిలోనూ తప్పుంది. పికార్డ్ గతం, వర్తమానం, భవిష్యత్తు మధ్య ఊగుతుంటాడు, మూడు చోట్లా అంతరిక్షంలో ఒక చీలిక. అది వ్యతిరేక కాలంలో, అంటే వెనక్కి పెరుగుతుందన్నారు. గతంలో పెద్దది, వర్తమానంలో చిన్నది, భవిష్యత్తులో మొలక. అలాంటప్పుడు భవిష్యత్తులో ఓడ మొదటిసారి వెళ్లినప్పుడే అది కనబడి, తర్వాత మాయమవ్వాలి. తెరమీద ముందు ఏమీ లేదు, తిరిగొచ్చాక ఉంది. అంటే మామూలు కాలంలోనే ముందుకి పెరిగింది.

డ్యూటీ_ఇంజినీర్
ఇంకొకటి చేర్చండి. ఆ చీలికని పుట్టించిన మూడు కిరణాలూ ఎంటర్‌ప్రైజ్ నుంచే వచ్చినట్టున్నాయని డేటా అంటాడు. భవిష్యత్తులో ఆ కిరణం పంపింది బెవర్లీ ఓడ పాశ్చర్. ఎంటర్‌ప్రైజ్ అప్పటికి అక్కడ లేదు.

పాలపుంత
రెండూ నిజమే. అయినా దానికి 1995లో హ్యూగో అవార్డు వచ్చింది, నేనైతే ఇప్పుడూ ఇస్తాను. లెక్క తప్పింది గానీ మనిషి తప్పలేదు. మతి తప్పుతున్న ముసలాయన మాటని, ఏ కాలంలోనైనా, తన వాళ్లు నమ్ముతారా? గతంలోని సిబ్బందికి అతనెవరో ఇంకా తెలియదు, భవిష్యత్తులోని సిబ్బంది చెదిరిపోయారు. మూడు చోట్లా నమ్మకం సంపాదించుకోవాలి. కథ నడిచేది దాని మీద.

స్లో_రీవాచ్
అయితే నా మార్కుల పట్టీ పక్కన పెట్టి, కొత్తవాళ్లకి ఇచ్చే జాబితా తయారుచేస్తున్నాను. 7వ సీజన్ నుంచి అటాచ్డ్, ఇన్‌హెరిటెన్స్, ప్యారలల్స్, పెగసస్, లోయర్ డెక్స్, దైన్ ఓన్ సెల్ఫ్, ప్రీఎంప్టివ్ స్ట్రైక్, ఆల్ గుడ్ థింగ్స్ రెండు భాగాలు. తొమ్మిది. వీటికి ముందు చూడాల్సినవి: సిరీస్ మొదటి ఎపిసోడ్ ఫార్‌పాయింట్ రెండు భాగాలు, బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్ రెండు భాగాలు, డేటా తండ్రి సూంగ్ కోసం 4వ సీజన్ 3వది, రో కోసం 5వ సీజన్ 3వది, సీటో కోసం అదే సీజన్ 19వది. ఇంకేమైనా వదిలేశానా?

కథాకమామీషు
జెనెసిస్ చేర్చండి, లైట్లు ఆర్పి చూడమని చెప్పండి.

డ్యూటీ_ఇంజినీర్
వద్దు. చూసేవాళ్లు బ్లూరే వాడితే మంచిది. 35 ఎంఎం నెగటివ్ నుంచి మళ్లీ స్కాన్ చేసి, ఎఫెక్ట్స్ మళ్లీ కూర్చారు. పాత టేపు కాపీల్లో పెగసస్ గ్రహశకలం లోపలి దృశ్యాలు మసకే.

పాలపుంత
2వ సీజన్ 9వది, మెజర్ ఆఫ్ ఎ మ్యాన్. డేటా మీద విచారణ కోసం మాత్రమే కాదు. ఆఫీసర్ల పేకాట బల్ల మొదట కనిపించేది అందులోనే. ఆల్ గుడ్ థింగ్స్ ముగిసేది ఆ బల్ల దగ్గరే. పికార్డ్ మొదటిసారి వచ్చి కూర్చుంటాడు, ఎప్పుడో రావాల్సిందంటాడు. లోయర్ డెక్స్‌లో పై ఆఫీసర్లదొక ఆట, కుర్రవాళ్లదొక ఆట పక్కపక్కన చూపిస్తారు. ఆ బల్ల తెలియకుండా ఈ రెండూ చూపించొద్దు.

స్లో_రీవాచ్
చేర్చాను. మొత్తం 17, ఎపిసోడ్‌కి 45 నిమిషాల చొప్పున పన్నెండు ముప్పావు గంటలు. జెనెసిస్ మీద మీ ఇద్దరూ తేల్చుకోండి, అంతవరకు జాబితా చివర్లో ప్రశ్నార్థకంతో ఉంచుతాను.